అంకెకు జవాబుదారు ఎవరు?
పటాన్‌చెరు, సంగారెడ్డి పారిశ్రామిక వాడల్లో డేటా బాధ్యతల పంపకం: స్మారకోపన్యాస పాఠం

1. ప్రశ్న, దాని పరిధి

ఒక సంస్థలో పుట్టే డేటాను నిర్వహించే, కాపాడే బాధ్యతను ఎవరికి అప్పగించాలి, ఆ బాధ్యతతో పాటు వారికి ఏ అధికారాలు ఇవ్వాలి, ఏ అధికారాలు ఇవ్వకూడదు అన్నది ఈ ఉపన్యాసంలో చర్చకు వచ్చే విషయం. డేటా అనగానే కంప్యూటర్లో దాచిన ఫైళ్లే మనసులో మెదులుతాయి గాని, ఫ్యాక్టరీలో దాని పరిధి అంతకంటే చాలా పెద్దది. రియాక్టర్ పక్కన నిలబడి ఆపరేటర్ బ్యాచ్ రికార్డులో రాసే ఉష్ణోగ్రత, నాణ్యతా ప్రయోగశాలలో యంత్రం గీసే గ్రాఫు, గేటు దగ్గర సెక్యూరిటీ పుస్తకంలో పడే కాంట్రాక్టు కార్మికుడి పేరు, వ్యర్థజలాల ట్యాంకు దగ్గర మీటరు చూపే అంకె, జీతాల విభాగంలో ఉండే ఆధార్ ప్రతి, ఇవన్నీ డేటాయే. వీటిలో ఏ ఒక్కటి తప్పినా, తారుమారైనా, బయటికి పొక్కినా నష్టపోయేది ఆ సంస్థ ఒక్కటే కాదు. దాని మందు మింగే రోగి, దాని గోడ పక్కన బావి ఉన్న రైతు, దాని షిఫ్టులో పనిచేసే మనిషి కూడా నష్టపోతారు.

ఈ ప్రశ్నను పరిశీలించడానికి సంగారెడ్డి జిల్లా ప్రత్యేకంగా అనువైన చోటు. పాత మెదక్ జిల్లా నుంచి 2016 అక్టోబరు 11న ఏర్పడిన ఈ జిల్లాలో, హైదరాబాద్ పొలిమేరన రామచంద్రాపురంలోని బీహెచ్ఈఎల్ దగ్గర మొదలై పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం, కాజీపల్లి, గడ్డపోతారం, బొంతపల్లి వరకు పారిశ్రామిక వాడలు విస్తరించాయి. బాలానగర్‌లోని ఐడీపీఎల్‌లో పని నేర్చుకున్న రసాయన శాస్త్రజ్ఞులు 1970ల తర్వాత సొంత పరిశ్రమలు పెట్టుకోవడంతో ఇక్కడ బల్క్ డ్రగ్ తయారీ వేళ్లూనుకుంది. బల్క్ డ్రగ్ అంటే మాత్రగానో, ఇంజెక్షన్‌గానో మారకముందు ఉండే అసలు మందు పదార్థం. దాన్ని కొనే విదేశీ సంస్థ ప్రతి బ్యాచ్‌నూ ఎదురుగా నిలబడి చూడదు. బ్యాచ్‌తో పాటు వచ్చే రికార్డును చూస్తుంది, ఆ రికార్డును నమ్మి సరుకు తీసుకుంటుంది. కనుక ఈ వాడల్లో డేటా అనేది సరుకుకు అనుబంధం కాదు, సరుకులో భాగమే.

ఇక్కడ నిలబెట్టదలచిన ప్రతిపాదన క్లుప్తంగా ఇది. ప్రతి డేటాకూ పేరుతో సహా ఒక్కరే జవాబుదారుగా ఉండాలి. ఒక అంకె ఎలా ఉంటే ఎవరికి లాభమో వారి చేతిలో ఆ అంకెను మార్చే అధికారం ఉండకూడదు. మొదటి సూత్రాన్ని సంస్థలు సులువుగానే ఒప్పుకుంటాయి. రెండోదాన్ని ఒప్పుకున్నట్టు కనిపిస్తూనే తప్పించుకుంటాయి. ఈ ప్రాంతపు అనుభవాలు రెండింటినీ కలిపి చూడవలసిన అవసరాన్ని చెబుతున్నాయి.

2. బాధ్యులు, నిర్వాహకులు, సంరక్షకులు

డేటా నిర్వహణ శాస్త్రంలో సాధారణంగా మూడు పాత్రలను వేరు చేసి చూస్తారు. ఒక డేటా దేనికి పుట్టాలి, ఎంత నాణ్యంగా ఉండాలి, ఎవరు చూడవచ్చు, ఎన్నేళ్లు ఉంచాలి అన్నవి నిర్ణయించి, ఆ నిర్ణయాలకు యాజమాన్యం ముందు, చట్టం ముందు జవాబు చెప్పేవారు బాధ్యులు. ఆ నిర్ణయాల ప్రకారం రోజువారీగా నమోదులు సరిచూస్తూ, లోపాలు పట్టుకుంటూ, అర్థాలు కుదిరేలా చూసేవారు నిర్వాహకులు. డేటా నిల్వ ఉండే సర్వర్లు, బ్యాకప్‌లు, తాళాలు, పాస్‌వర్డులు చూసుకునేవారు సంరక్షకులు. వీరు ముగ్గురూ కాక, ఆ డేటాను తమ పనికి వాడుకునే వినియోగదారులు ఉంటారు. నియమాలు పాటించడం, తేడా కనిపిస్తే చెప్పడం వారి వంతు. సమాచార భద్రతకు సంబంధించిన ఐఎస్ఓ 27001 ప్రమాణం కూడా సంస్థకున్న సమాచార ఆస్తుల జాబితాను, వాటి బాధ్యుల పేర్లతో సహా, తయారు చేయమనే అడుగుతుంది.

ఈ విభజనలో తరచుగా జరిగే పొరపాటు, బాధ్యులకూ సంరక్షకులకూ మధ్య ఉన్న గీతను చెరిపివేయడం. డేటా కంప్యూటర్లో ఉంది కాబట్టి అది ఐటీ విభాగం పని అని మిగతా విభాగాలు చేతులు దులుపుకుంటాయి. అందులో ఏముందో తమకు తెలియదు కాబట్టి అది ఆయా విభాగాల పని అని ఐటీ వారు అంటారు. ఇద్దరూ చెప్పేది కొంత నిజమే కావడం వల్ల, అసలు బాధ్యత ఎవరిదీ కాకుండా పోతుంది. దీన్ని నివారించడానికి బాధ్యతల పట్టిక ఒకటి వాడుకలో ఉంది. ప్రతి పనికీ ఎదురుగా చేసేవారు, జవాబు చెప్పేవారు, సలహా అడగవలసినవారు, తెలియజేయవలసినవారు అని నాలుగు గడులు ఉంటాయి. చేసేవారు ఎందరైనా ఉండవచ్చు గాని, జవాబు చెప్పేవారి గడిలో ఒక్క పేరే ఉండాలన్నది ఆ పట్టికకు ప్రాణం. ఆ గడిలో కమిటీ పేరు రాసిన చోట జవాబుదారీ లేనట్టే.

పనిని విడదీసి, లెక్క ఒకరికి, వసూలు ఒకరికి అప్పగించడం తెలంగాణ పల్లెకు కొత్త కాదు. నిజాం కాలం నుంచి ఊళ్లో భూమి లెక్కలు రాయడం పట్వారీది, శిస్తు వసూలు మాలీ పటేల్‌ది, శాంతిభద్రతలు పోలీసు పటేల్‌ది. కాగితం మీద ఇది చక్కని ఏర్పాటే. కాని ఆ పదవులు వంశపారంపర్యంగా సాగాయి. పహాణీ రాసే కుటుంబానికే ఊళ్లో భూములు ఉండడం, దస్తరం పట్వారీ ఇంట్లోనే ఉండడం మామూలైంది. ఎవరి పొలం ఎవరి పేరున పడుతుందన్న విషయంలో సొంత లాభం ఉన్న చేతిలోనే కలం ఉండిపోయింది. 1984లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ వ్యవస్థను రద్దు చేసేనాటికి రికార్డుల మీద రైతుకున్న అపనమ్మకం తరాల నాటిది. పదవులను విడదీస్తే చాలదని, లాభాన్ని కలం నుంచి విడదీయాలని ఆ చరిత్ర చెబుతుంది.

3. ఇక్రిశాట్ జన్యునిధి: సొంతం కాని సంపదకు సంరక్షణ

బాధ్యతకూ సంరక్షణకూ ఉన్న తేడాను స్పష్టంగా చూపే సంస్థ పటాన్‌చెరులోనే ఉంది. 1972లో ఏర్పడిన అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ, అందరి నోటా ఇక్రిశాట్, తన జన్యునిధిలో జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ, చిరుధాన్యాలకు చెందిన 1,28,000కు పైగా విత్తన నమూనాలను 144 దేశాల నుంచి సేకరించి భద్రపరిచింది. దీర్ఘకాలం ఉంచవలసిన విత్తనాన్ని మైనస్ 20 డిగ్రీల చలిలో దాస్తారు. అయితే విత్తనం ఎంత చల్లగా ఉన్నా, అది ఏ ఊరి పొలంలో, ఏ సంవత్సరం, ఏ పేరుతో దొరికిందన్న వివరం పోతే దాని విలువ చాలావరకు పోయినట్టే. ఆ వివరాన్ని జన్యునిధుల పరిభాషలో పాస్‌పోర్ట్ డేటా అంటారు. జొన్నకు ఐఎస్, శనగకు ఐసీసీ, వేరుశనగకు ఐసీజీ అన్న అక్షరాల పక్కన ఉండే అంకె ద్వారానే సంచిలోని గింజకూ దాని చరిత్రకూ ముడి పడుతుంది. ఆ అంకె ఒక్కటి తారుమారైతే గింజ బతికే ఉంటుంది గాని, అది ఎవరి గింజో చెప్పేవారుండరు.

ఈ సంపద ఇక్రిశాట్ సొంతం కాదు. 1994లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థతో, 2006లో మొక్కల జన్యువనరుల అంతర్జాతీయ ఒప్పందపు పాలక మండలితో కుదిరిన ఒడంబడికల ప్రకారం ఈ సేకరణను ప్రపంచ సమాజం తరఫున ఇక్రిశాట్ కాపాడుతోంది. అడిగినవారికి ప్రామాణిక ఒప్పంద పత్రం మీద విత్తనం ఇస్తుంది. ఇక్రిశాట్ తన నకలు విత్తనాలను నార్వేలోని స్వాల్బార్డ్ భూగర్భ నిధికి పంపినప్పుడు బాధ్యత మరో విధంగా విడిపోతుంది. అక్కడ పెట్టెలు పెట్టే చోటు, చలి, తలుపు తాళం నార్వే వారివి. పెట్టెలోని విత్తనం మాత్రం పంపినవారిదే, దాన్ని వెనక్కి తీసుకునే హక్కూ పంపినవారిదే. సంరక్షకులకు ఇల్లు కాపాడే అధికారం ఉంది, పెట్టె విప్పే అధికారం లేదు. ఏ సంస్థలోనైనా సర్వర్ గదికీ, అందులోని రికార్డులకూ ఉండవలసిన సంబంధం ఇదే.

4. ప్రయోగశాలలో ఒక శిఖరం

బల్క్ డ్రగ్ పరిశ్రమలో ఈ సంబంధం ఎక్కడ తెగుతుందో తెలుసుకోవాలంటే నాణ్యతా నియంత్రణ విభాగంలో, అంటే పరిశ్రమలో అందరూ క్యూసీ అని పిలిచే చోట, ఒక పరీక్షను దగ్గరగా చూడాలి. హెచ్‌పీఎల్‌సీ అనే యంత్రంలో మందు నమూనాను ద్రవంలో కరిగించి, అధిక పీడనంతో సన్నని కాలమ్ గుండా పంపుతారు. నమూనాలోని పదార్థాలు ఒక్కొక్కటి ఒక్కో సమయానికి బయటికి వచ్చి, తెర మీద ఒక్కో శిఖరంగా కనిపిస్తాయి. శిఖరం కింది వైశాల్యాన్ని బట్టి ఆ పదార్థం ఎంత ఉందో లెక్కకడతారు. పెద్ద శిఖరం మందుది, పక్కన చిన్నచిన్న శిఖరాలు మలినాలవి. ఒక మలినానికి పరిమితి 0.15 శాతం అయితే, ఫలితం 0.16 వచ్చిందనుకోవాలి. ఆ చిన్న శిఖరం ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో యంత్రం గీసిన గీతను మౌస్‌తో రవ్వంత జరిపితే ఫలితం 0.14 అవుతుంది.

అలా జరపడం ప్రతిసారీ తప్పు కాదు. యంత్రం గీత తప్పుగా గీసే సందర్భాలు ఉంటాయి కాబట్టి దానికి నియమబద్ధమైన పద్ధతి ఉంది. తేడా అంతా ఎవరు జరిపారు, ఎప్పుడు, ముందు ఎంత, తర్వాత ఎంత, కారణమేమిటి అన్న ఐదు విషయాలు చెరగకుండా నమోదు కావడంలో ఉంది. ఆ నమోదునే ఆడిట్ ట్రయల్ అంటారు. ఆ విభాగంలో అందరూ ఒకే లాగిన్ వాడుతుంటే ఆడిట్ ట్రయల్ పనిచేస్తూనే ఉంటుంది, కాని అది చూపేది ఆ ఉమ్మడి లాగిన్ పేరే తప్ప మనిషి పేరు కాదు. పరీక్ష చేసే అనలిస్టుకో, ఆయన పై అధికారికో కంప్యూటర్ గడియారం మార్చే, ఫైలు తొలగించే, ఆడిట్ ట్రయల్‌ను ఆపే అడ్మిన్ హక్కు కూడా ఉంటే ఇక ఆ నమోదుకు అర్థమే లేదు. నెలాఖరు, బయట లారీ, ఫోన్‌లో సేల్స్ విభాగం. ఇలాంటి గంటలో ఒక అనలిస్టు నిజాయితీ మీద మొత్తం భారం వేయడం బాధ్యత అప్పగించడం కాదు, ప్రలోభాన్ని అప్పగించడం.

ఔషధ నియంత్రణ సంస్థలు ఈ విషయంలో క్రమంగా స్పష్టతకు వచ్చాయి. రికార్డు ఎవరిదో తెలియాలి, చదవడానికి వీలుండాలి, పని జరిగిన వేళకే రాయాలి, మొదటి ప్రతే ఉండాలి, ఖచ్చితంగా ఉండాలి అన్న ఐదు లక్షణాలను ఆంగ్ల తొలి అక్షరాలతో అల్కోవా అని వ్యవహరిస్తారు. మొదటి లక్షణం మనిషి పేరుకు సంబంధించినదే కావడం గమనించదగ్గది. ఎలక్ట్రానిక్ రికార్డుల మీద అమెరికా నిబంధన, పరిశ్రమలో పార్ట్ 11 అని పిలిచేది, 1997 ఆగస్టులో అమల్లోకి వచ్చింది. బల్క్ డ్రగ్ తయారీకి 2000లో రూపొందిన ఐసీహెచ్ క్యూ7 మార్గదర్శకం ప్రకారం నాణ్యతా విభాగం ఉత్పత్తి విభాగం కింద ఉండకూడదు, స్వతంత్రంగా ఉండాలి. అమెరికా ఎఫ్‌డీఏ 2018 డిసెంబరులో వెలువరించిన డేటా సమగ్రత మార్గదర్శకం ఇంకో మెట్టు ఎక్కి, ఫైళ్లనూ సెట్టింగులనూ మార్చగల అడ్మిన్ పాత్రను ఆ రికార్డుల్లోని విషయానికి బాధ్యులైన వారికి కాక, వారితో సంబంధం లేని వేరే వారికి ఇవ్వమని సూచించింది. ఐరోపా సమాఖ్య కంప్యూటర్ వ్యవస్థలపై 2011లో అమలు చేసిన అనుబంధం 11 కూడా ప్రక్రియకు బాధ్యులను, వ్యవస్థకు బాధ్యులను వేర్వేరుగా నిర్వచించింది.

ఈ జాగ్రత్తలు లేకపోతే నష్టం ఎంత దూరం పోతుందో హైదరాబాద్ ఒకసారి చూసింది. జీవీకే బయోసైన్సెస్ హైదరాబాద్ కేంద్రంలో జెనరిక్ మందులపై జరిగిన కొన్ని అధ్యయనాలను 2014లో ఫ్రాన్స్ ఔషధ సంస్థ తనిఖీ చేసినప్పుడు, గుండె పరీక్ష ఈసీజీల డేటా తారుమారైందని, అది కనీసం ఐదేళ్ల పాటు సాగిందని తేలింది. ఆ అధ్యయనాలపై ఆధారపడిన సుమారు 700 మందుల రూపాలు, మోతాదుల అనుమతిని నిలిపివేయాలని 2015 జనవరిలో ఐరోపా ఔషధ సంస్థ సిఫారసు చేసింది. ఆ సిఫారసుకు ప్రాతిపదిక ఒక మందు ప్రమాదకరమని తేలడం కాదు. అంత కాలం, అంతమంది సిబ్బంది చేతుల మీదుగా సాగిన అలవాటు ఆ కేంద్రపు మిగతా డేటా మీద కూడా నమ్మకం లేకుండా చేసిందన్నదే అసలు కారణం. అన్నేళ్లు ఒక సంగతి ఎవరి కంటా పడకపోవడం ఒక మనిషి దోషం కాదు. చూడవలసిన కన్ను ఎవరిదో ఆ వ్యవస్థలో తేలకపోవడమే దాని మూలం.

5. ఎవరూ కొలవని అంకె

ఇప్పటివరకు చెప్పినది ఉన్న డేటాను కాపాడే విషయం. బాధ్యత ఎవరిదీ కానప్పుడు డేటా పుట్టనే పుట్టకపోవడం మరింత లోతైన సమస్య. పటాన్‌చెరు కాలుష్యం మీద న్యాయస్థానాల్లో 1990 నుంచి పోరాటం సాగింది. 1994 ప్రాంతంలో పరిశ్రమల వ్యర్థజలాలను ఒక్కచోట శుద్ధి చేసే పటాన్‌చెరు ఎన్విరో టెక్ కేంద్రం వచ్చింది. రసాయనిక ఆక్సిజన్ అవసరం, కరిగిన లవణాలు వంటి నిర్ణీత కొలమానాలు అక్కడ నమోదవుతూ వచ్చాయి. 2007లో స్వీడన్‌కు చెందిన లార్సన్ బృందం ప్రచురించిన పరిశోధన, సుమారు 90 బల్క్ డ్రగ్ పరిశ్రమల నీటిని శుద్ధి చేసే ఆ కేంద్రం నుంచి బయటికి వచ్చే నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉందని చూపింది. మనిషి ఆ మందు వేసుకున్నప్పుడు రక్తంలో ఉండే మోతాదు కంటే అది ఎక్కువ. మందులు తట్టుకునే సూక్ష్మజీవుల గురించి ప్రపంచమంతా జరిగే చర్చలో పటాన్‌చెరు పేరు అప్పటి నుంచి నిలిచిపోయింది.

ఇక్కడ పరిశీలించవలసింది ఆ అంకె పరిమాణం ఒక్కటే కాదు, అది ఎక్కడి నుంచి వచ్చిందన్నది కూడా. ఫ్యాక్టరీ లోపల మందులో మలినం వందో వంతు శాతం దాకా కొలుస్తారు, ఎందుకంటే దానికి బాధ్యులున్నారు, కొనేవారు అడుగుతారు. అదే మందు కాలువలో ఎంత పోతోందన్నది ఏ విభాగం పట్టికలోనూ లేదు, ఏ నిబంధనా అప్పట్లో అడగలేదు. కాబట్టి ఆ అంకె వేల మైళ్ల అవతలి విశ్వవిద్యాలయం చెబితే గాని తెలియలేదు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2014లో 17 రకాల అధిక కాలుష్య పరిశ్రమలకు ఆన్‌లైన్ మీటర్లు పెట్టమని, ఆ అంకెలు నేరుగా మండళ్లకు చేరాలని ఆదేశించింది. అది మేలైన అడుగే. అయితే మీటరు పరిశ్రమ ఆవరణలోనే, పరిశ్రమ ఖర్చుతోనే నడుస్తున్నప్పుడు దాని సెన్సర్‌ను ఎవరు శుభ్రం చేస్తారు, ఎవరు సరిచూస్తారు, సంకేతం ఆగిపోయిన గంటలకు ఎవరు కారణం రాస్తారు అన్నవి పేర్లతో తేల్చుకోకపోతే, అంకెను పుట్టించేవారికీ ఆ అంకె వల్ల లాభపడేవారికీ మధ్య దూరం మళ్లీ చెరిగిపోతుంది.

6. మనిషి వివరాలు, మనిషి ప్రాణం

ఈ వాడల్లో పనిచేసేవారిలో పెద్ద భాగం ఒడిశా, బిహార్, ఉత్తరప్రదేశ్, జార్ఖండ్ నుంచి కాంట్రాక్టర్ల ద్వారా వచ్చిన కార్మికులు. ఒక కార్మికుడి వివరాలు కనీసం మూడు చోట్ల ఉంటాయి: కాంట్రాక్టర్ మస్టర్‌లో, ఫ్యాక్టరీ మానవ వనరుల విభాగంలో, గేటు దగ్గర సెక్యూరిటీ ఏజెన్సీ పుస్తకంలో. మూడింటిలో పేరు అక్షరాలు మూడు రకాలుగా ఉండవచ్చు. షిఫ్టు మారే వేళ ఒకరి బదులు ఒకరు పనిలోకి రావచ్చు. మామూలు రోజుల్లో ఇది జీతం లెక్కల చికాకుగానే ఉంటుంది. 2025 జూన్ 30న పాశమైలారంలోని సిగాచి ఇండస్ట్రీస్‌లో జరిగిన పేలుడులో యాభై మందికి పైగా ప్రాణాలు పోయాయి. మృతదేహాలను గుర్తించడానికి డీఎన్ఏ పరీక్షలు చేయవలసి వచ్చింది, కొందరి ఆచూకీ దొరకనే లేదు. అంతటి విపత్తు ఏ ఫ్యాక్టరీలో జరిగినా సహాయక బృందం అడిగే మొదటి ప్రశ్న, ఈ క్షణాన లోపల ఎవరెవరున్నారు అన్నది. దానికి ఒకే జాబితా, ఆ జాబితాకు ఒకే జవాబుదారు, మంటలకు అందని చోట దాని నకలు ఉండాలి. డేటా నాణ్యత అన్న పొడి మాటకు ఇంతకంటే బరువైన అర్థం లేదు.

అదే కార్మికుడి ఆధార్, బ్యాంకు ఖాతా, వేలిముద్ర, వైద్య పరీక్ష ఫలితం బయటికి పోకుండా చూడడం ఇంకో వైపు. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ బాటలో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టానికి 2023 ఆగస్టు 11న రాష్ట్రపతి ఆమోదం లభించింది. నియమాలు 2025 నవంబరులో వెలువడి, సంస్థల ప్రధాన విధులు అమలు కావడానికి 18 నెలల వ్యవధి ఇచ్చాయి. ఈ చట్టంలో డేటాను ఎందుకు, ఎలా వాడాలో నిర్ణయించే సంస్థ ఒక పాత్ర, దాని తరఫున పని చేసిపెట్టే ఏజెన్సీ మరో పాత్ర. ఏజెన్సీతో ఎలాంటి ఒప్పందం రాసుకున్నా, జవాబు చెప్పవలసింది మొదటి సంస్థే అని చట్టం తేల్చి చెప్పింది. తగిన భద్రతా చర్యలు లేకపోతే జరిమానా 250 కోట్ల రూపాయల వరకు ఉంటుంది. జీతాల పని బయటి కంపెనీకి, గేటు పని ఏజెన్సీకి ఇచ్చినంత మాత్రాన బాధ్యత వారితో పాటు గేటు దాటదు.

7. రక్షణ: తాళం ఎవరిది, నిర్ణయం ఎవరిది

2020 అక్టోబరు 22న డాక్టర్ రెడ్డీస్ ఔషధ సంస్థ తనపై సైబర్ దాడి జరిగిందని స్టాక్ ఎక్స్ఛేంజీలకు తెలియజేస్తూ, డేటా కేంద్రాల సేవలన్నింటినీ వేరుచేసి నిలిపినట్టు ప్రకటించింది. అలాంటి గంటలో యంత్రాలను నిలపాలన్న నిర్ణయం ఎవరు తీసుకోవాలో ముందే రాసి ఉండాలి. నెట్‌వర్క్ నిలిపితే ఉత్పత్తి ఆగుతుంది, ఆపకపోతే దాడి పాకుతుంది. ఆ రెండు నష్టాలనూ తూచే అధికారం రాత్రి డ్యూటీలో ఉన్న ఐటీ ఉద్యోగికి ఇవ్వకుండా, తెల్లవారాక ఆయన్నే దోషిగా నిలబెట్టడం న్యాయం కాదు. సైబర్ ఘటనలను గుర్తించిన 6 గంటల్లోగా తెలియజేయాలని, లాగ్‌లను 180 రోజుల పాటు ఉంచాలని కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఆదేశించింది. ఆరు గంటలంటే ఒక షిఫ్టు కంటే తక్కువ. బాధ్యులు ఎవరో వెతుక్కోవడానికే ఆ సమయం సరిపోని సంస్థలో ఆదేశం పాటించడం సాధ్యం కాదు.

బ్యాకప్ విషయంలో కూడా పాత్రలు ఇలాగే వేరు కావాలి. నకలు తీయడం సంరక్షకుల పని. ఏ రికార్డు ఎంత కాలం ఉండాలన్నది బాధ్యుల పని. ఐసీహెచ్ క్యూ7 ప్రకారం ఒక బ్యాచ్‌కు సంబంధించిన రికార్డులు దాని గడువు తేదీ తర్వాత కనీసం ఒక ఏడాది ఉంచాలి. గడువు తేదీకి బదులు మళ్లీ పరీక్షించే తేదీ ఉన్న పదార్థాలకు, బ్యాచ్ పూర్తిగా పంపిణీ అయ్యాక మూడేళ్లు. ఆ నకలును తిరిగి తెరిస్తే చదవడానికి వీలవుతుందా అని ఏటా పరీక్షించి సంతకం పెట్టవలసింది ఐటీ వారూ నాణ్యతా విభాగం వారూ కలిసి. తెరుచుకోని బ్యాకప్ లేని బ్యాకప్‌తో సమానం.

8. చిన్న పరిశ్రమకు సాధ్యమైన క్రమం

పెద్ద సంస్థలకు డేటా అధికారులు, ప్రత్యేక విభాగాలు ఉంటాయి. ముప్పై నలభై మందితో నడిచే చిన్న యూనిట్‌లో అదే కెమిస్టు షిఫ్ట్ ఇన్‌చార్జి, అదే మనిషి స్టోర్ చూసుకునేవారు కావచ్చు. 2023 డిసెంబరు 28 నాటి నోటిఫికేషన్‌తో సవరించిన షెడ్యూల్ ఎం, దేశంలోని మందుల తయారీదారులందరికీ కంప్యూటర్ వ్యవస్థలు సహా నాణ్యతా నియమాలను కఠినం చేసింది. దరఖాస్తు చేసుకున్న చిన్న, మధ్యతరహా సంస్థలకు గడువును తర్వాత 2025 డిసెంబరు 31 వరకు పొడిగించారు. మనుషులు తక్కువైన చోట పాత్రలు విడదీయడం కష్టమే గాని అసాధ్యం కాదు. యూనిట్‌లో పుట్టే డేటా రకాలను ఒక కాగితం మీద రాయాలి. సాధారణంగా అవి ఇరవై ముప్పైకి మించవు. ప్రతి దానికీ ఎదురుగా, అది తప్పితే ఎవరికి హాని, ఎవరు జవాబుదారు, ఎవరికి మార్చే హక్కు ఉంది అని మూడు గడులు నింపాలి. రెండో గడిలో పేరు లేని వరుసలు, రెండో మూడో గడుల్లో ఒకే పేరున్న వరుసలు మొదట సరిచేయవలసినవి.

అడ్మిన్ పాస్‌వర్డు ప్రయోగశాల వెలుపలి మనిషి దగ్గర, అవసరమైతే యజమాని దగ్గర సీలు వేసిన కవరులో ఉంచడానికి పెద్ద ఖర్చు లేదు. ఒకరు రాసింది ఇంకొకరు అదే రోజు చూసి సంతకం పెట్టడానికి కొత్త సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. ఉద్యోగి మానేసిన రోజే లాగిన్ మూసివేయడానికి గేట్ పాస్ వాపసు తీసుకునే కాగితంలో ఇంకో వరుస చాలు. వీటన్నింటికంటే ముఖ్యమైనది, ఫలితం బాగా రాలేదని ఉన్నదున్నట్టు రాసిన అనలిస్టు మీద కోపగించుకోని యాజమాన్యం. నిజం రాసినందుకు శిక్ష పడే చోట ఎన్ని పాత్రలు విడదీసినా, ఎన్ని ఆడిట్ ట్రయళ్లు పెట్టినా, అబద్ధం కొత్త దారి వెతుక్కుంటుంది.

9. తీర్మానం

డేటాను కాపాడే బాధ్యతను ఒక విభాగానికి అప్పగించి మరచిపోయే పద్ధతి విఫలమైందనడానికి ఈ జిల్లా పరిసరాల అనుభవమే చాలు. ఇక్రిశాట్ జన్యునిధి ఒడంబడికలు చూపినట్టు, సొంతం కాని దాన్ని కూడా తరతరాలు కాపాడవచ్చు, హద్దులు స్పష్టంగా రాసుకుంటే. ఈసీజీల ఉదంతం చూపినట్టు, హద్దులు లేని చోట ఐదేళ్ల పని ఒక్క తనిఖీతో కూలుతుంది. కాలువ నీటి పరిశోధన చూపినట్టు, ఎవరి బాధ్యతా కాని అంకె అందరికీ ఆలస్యంగా, బయటివారి నోట తెలుస్తుంది. కనుక ప్రతి పరిశ్రమ యాజమాన్యమూ వచ్చే బోర్డు సమావేశానికి ముందే తన డేటా పట్టికను పేర్లతో తయారు చేసుకోవాలి. పారిశ్రామిక సంఘాలు చిన్న యూనిట్లకు ఆ పట్టిక నమూనాను తెలుగులో ఇవ్వాలి. కందిలోని ఐఐటీ హైదరాబాద్ వంటి విద్యాసంస్థలు ఆ పని నేర్పే చిన్న కోర్సులను షిఫ్టు కార్మికులకు వీలైన వేళల్లో నడపాలి. కార్మిక సంఘాలు వేతనం, భద్రత అడిగినట్టే తమ సభ్యుల వివరాలు ఎవరి చేతిలో ఉన్నాయో అడగాలి. పేరు రాయని బాధ్యత బాధ్యత కాదు. లాభం ఉన్న చేతికి ఇచ్చిన కలం రక్షణ కాదు. ఈ రెండూ పాటించని సంస్థను, దాని గోడ మీద ఎన్ని ధ్రువపత్రాలు వేలాడుతున్నా, నమ్మదగిన సంస్థ అనడానికి వీల్లేదు.